మగవారి వాపుకు హార్మోన్ ఇంజెక్షన్: తొందర వద్దు



పిల్లలు లేరని మా ఓ.పి.కి వచ్చే దంపతులలో చాలాసార్లు లోపలికి వచ్చేది భార్య ఒక్కరే. భర్త బయట బెంచీ మీద కూర్చుంటారు. ఆమెకు స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ అయిపోయి ఉంటాయి. ఆయనకు ఒక్క వీర్య పరీక్ష కూడా అయి ఉండదు. పిలిచి అడిగితే, "నాకేం లోపం లేదండీ, బలానికి ఇంజెక్షన్లు కూడా చేయించుకుంటున్నాను" అంటారు. మెల్లగా అడిగితే అసలు సంగతి బయటకు వస్తుంది. ఎప్పుడో జ్వరంతో వృషణం వాచింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. తర్వాత నీరసంగా ఉందంటే ఎవరో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ రాశారు.

పిల్లలు కావాలనుకునే మగవారు ఈ ఇంజెక్షన్ చేయించుకోకూడదని మా గట్టి అభిప్రాయం. ఎందుకో చెబుతాము.

వృషణాలు రెండు పనులు చేస్తాయి. ఒకటి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ను తయారుచేయడం, రెండవది వీర్యకణాలను తయారుచేయడం. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే రెండు హార్మోన్లను పంపి ఈ పనులు చేయిస్తుంది. బయటనుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే, ఒంట్లో అది సరిపడా ఉందనుకుని పిట్యూటరీ ఆ రెండింటినీ ఆపేస్తుంది. దానితో వీర్యకణాల తయారీ పడిపోతుంది. ఇంజెక్షన్ తర్వాత ఒంట్లో హుషారు వచ్చినట్టు అనిపించే మాట అబద్ధం కాదు. అందుకే చాలామంది మోసపోతారు. హుషారు వేరు, సంతానశక్తి వేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే మందును మగవారికి గర్భనిరోధక ఇంజెక్షన్‌గా పరీక్షించిందంటే మీరు ఆశ్చర్యపోతారు. 1990లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న 271 మంది పురుషులకు వారం వారం ఈ ఇంజెక్షన్ ఇస్తే, ఆరు నెలల లోపే 157 మందికి వీర్యంలో ఒక్క కణం కూడా లేకుండా పోయింది. పిల్లలు పుట్టకుండా వాడి చూసిన మందును పిల్లల కోసం వాడటం ఎంత అన్యాయమో ఆలోచించండి.

మరి వాపు మాటేమిటి? దానికి కారణాలు చాలా ఉన్నాయి. యుక్తవయసు వచ్చాక గవదబిళ్ళలు వస్తే, నూటికి 15 నుంచి 30 మందికి వృషణం వాస్తుంది. ఎక్కువగా ఒక వైపే వాస్తుంది కనుక పూర్తిగా సంతానం లేకపోవడం అరుదు. మూత్రనాళం నుంచి పాకే బాక్టీరియా, సుఖవ్యాధులు, క్షయ, బోదకాలు పురుగు కూడా వాపు తెస్తాయి. బాక్టీరియాకు యాంటీబయాటిక్, క్షయకు నెలల తరబడి పూర్తి కోర్సు కావాలి. సుఖవ్యాధి అయితే భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి. వీటిలో దేనికీ టెస్టోస్టిరాన్ మందు కాదు.

ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు కూడా హార్మోన్ జాతి మందులే. వాపు, నొప్పి తగ్గించవచ్చు. కానీ గవదబిళ్ళల వల్ల వాచిన వృషణం కుంచించుకుపోకుండా అవి కాపాడతాయని రుజువు కాలేదు. లోపల క్షయ దాగి ఉంటే అది ముదురుతుంది. ఎక్కువకాలం వాడితే షుగరు పెరగవచ్చు, తుంటి ఎముక దెబ్బతినవచ్చు.

హార్మోన్ వైద్యం అంతా చెడ్డదని మేము అనడం లేదు. పిట్యూటరీయే సరిగా పనిచేయనివారికి హెచ్.సి.జి., ఎఫ్.ఎస్.హెచ్. ఇంజెక్షన్లు నెలల తరబడి ఇస్తే చాలామందిలో వీర్యకణాలు కనిపిస్తాయి. అయితే వాపు మిగిల్చే నష్టం సాధారణంగా ఇలాంటిది కాదు. వృషణమే దెబ్బతింటే రక్తంలో ఎఫ్.ఎస్.హెచ్. ఎక్కువగా ఉంటుంది. పైనుంచి ఆజ్ఞ బలంగానే వస్తోంది, కింద పనిచేసే చోటే బలం లేదు. వాపు వల్ల గొట్టం మూసుకుపోతే ఏ హార్మోనూ దానిని తెరవలేదు. ఈ తేడా తెలియాలంటే వీర్య పరీక్ష, రక్తంలో హార్మోన్ల పరీక్ష ముందు జరగాలి.

అందుకే మా విన్నపం ఇది:

వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. అది మెలిపడి ఉండవచ్చు. ఆరు గంటల లోపు ఆపరేషన్ జరిగితే దానిని కాపాడే అవకాశం ఎక్కువ.

వీర్య పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండండి. వీర్యకణం తయారు కావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. కాబట్టి జ్వరం, వాపు తగ్గిన వెంటనే చేసిన పరీక్ష చూసి నిరాశపడకుండా, మూడు నెలలకు మళ్ళీ చేయించండి.

ఇప్పటికే టెస్టోస్టిరాన్ వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఆపిన తర్వాత చాలామందిలో కొన్ని నెలల నుంచి ఏడాది లోపు వీర్యకణాలు తిరిగి వస్తాయి. కొందరికి ఇంకా ఆలస్యం కావచ్చు.

మగపిల్లల తల్లులు టీకాల కార్డు తెచ్చి చూపించండి. ఎం.ఎం.ఆర్. టీకా గవదబిళ్ళలను కూడా అడ్డుకుంటుంది. ఎం.ఆర్. టీకాలో ఆ భాగం ఉండదు.

చివరిగా ఇంటి పెద్దలకు ఒక మాట. సంతానం లేని దంపతులలో సుమారు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. కోడలిని ఊరూరా డాక్టర్ల చుట్టూ తిప్పే ముందు, అబ్బాయికి ఒక్క వీర్య పరీక్ష చేయించండి. ఖర్చు తక్కువ, నొప్పి లేదు. ఈసారి ఓ.పి.కి వచ్చినప్పుడు ఆయనను బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి. ఇద్దరూ కలిసి లోపలికి రండి.