గొప్పవాళ్ళంటే ఎవరు?

తెలుగునాట ఏ ఊళ్ళోనైనా 'గొప్పోళ్ళు' అంటే డబ్బున్నవాళ్ళు. 'గొప్పింటి సంబంధం' అన్నప్పుడు ఎవరూ ఆ ఇంటివాళ్ళ గుణగణాల ఊసెత్తరు, ఎకరాల గురించీ మేడల గురించీ చెబుతారు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలదీ ఇదే దారి. నగరంలో ఉండేవాడు నాగరికుడయ్యాడు. ఊరికి సంబంధించినది గ్రామ్యమైంది, మన అలంకారశాస్త్రంలో ఆ మాటకు అసభ్యమనే అర్థం కూడా స్థిరపడింది. ఇది మనకొక్కరికే పట్టిన జబ్బు కాదు. ఇంగ్లీషులో దుర్మార్గుణ్ణి సూచించే 'విలన్' ఒకప్పుడు భూస్వామి పొలంలో పనిచేసే మనిషి పేరు. జర్మన్‌లో 'చెడు' అనే మాటకు మొదట 'సాదాసీదా' అని అర్థం ఉండేదని తత్వవేత్త నీచే 1887లో ఎత్తిచూపాడు. పైనున్నవాళ్ళు తమ అంతస్తునే మంచిగుణంగా చెలామణి చేయించుకున్నారని, అదే భాషలోకి ఎక్కిందని ఆయన వాదన. (ఆయన మనసు మాత్రం ఆ పైవాళ్ళ వైపే మొగ్గిందన్నది వేరే తగువు.) వర్గానికీ మనిషి విలువకీ సంబంధం ఏమిటని తరగతి గదిలో చర్చ పెట్టాలనుకునే అధ్యాపకుడికి ఇంతకన్నా మంచి ఆరంభం దొరకదు. పిల్లలు రోజూ పలికే మాటలే అక్కడ సాక్ష్యం.

మన కాలేజీల్లో మాత్రం ఆ చర్చ ఇలా మొదలవదు. డిబేట్ అనగానే అరిగిపోయిన అంశం ఒకటి సిద్ధంగా ఉంటుంది: రిజర్వేషన్లు ప్రతిభకు అడ్డంకా, కాదా? ఆ ప్రశ్న పడగానే గదిలో కొందరు తీర్పరులవుతారు, కొందరు బోనులో నిలబడతారు. ఒక పక్షం ఒక విధానం గురించి మాట్లాడుతుంటే, రెండో పక్షంలోని విద్యార్థి తన సీటుకూ తన ఉనికికీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. పోనీ ప్రతిభ మీద అంత మమకారమే ఉంటే మిగతా దారుల గురించి కూడా ఇంతే వేడిగా వాదన జరగాలి కదా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు యాజమాన్య కోటావి. ప్రైవేటు వైద్య కళాశాలల్లో ఎన్నారై కోటా ఉంది. పేరుకు అక్కడా ర్యాంకులు చూస్తారు, కానీ అంత ఫీజు కట్టగల ఇంట్లో పుట్టడమే అసలు అర్హత. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాలకు 10 శాతం కోటా వచ్చింది. 'మెరిట్ దెబ్బతింటోంది' అనే ఆక్రోశం ఈ సీట్ల విషయంలో ఎంత బలంగా వినిపిస్తోందో ఎవరికి వారు గమనించుకోవచ్చు. ఈ తేడాను బట్టే తెలుస్తుంది, తగువు మార్కుల గురించి కాదు. ఎవరు తగినవాళ్ళు, ఎవరు కారు అని ముందే మనసులో వేసుకున్న లెక్క గురించి.

నా వాదన ఒక్కటే. ఒక పనికి మనిషిని ఎంచుకోవడం వేరు, ఆ మనిషి విలువ తేల్చడం వేరు. మొదటిదానికి పరీక్ష కావాలి. రెండోదానికి పరీక్ష అనేదే లేదు. ఈ రెంటినీ కలిపేయడం ఎంత పాతదో ప్లేటో 'రిపబ్లిక్' చదివితే తెలుస్తుంది. పాలించేవాళ్ళలో దేవుడు బంగారం కలిపాడని, సైనికుల్లో వెండి, రైతుల్లో, పనివాళ్ళలో ఇనుమూ కంచూ కలిపాడని పౌరులకు ఒక కథ చెప్పాలంటాడు అందులో సోక్రటీసు. పురుషసూక్తం తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. అయితే అక్కడ రెండు విశేషాలున్నాయి. ఇది కావాలని చెప్పే అబద్ధమని సోక్రటీసు దాచకుండా ఒప్పుకుంటాడు. బంగారు తల్లిదండ్రులకు కంచు బిడ్డ పుడితే జాలిపడకుండా కిందికి దించాలని, కంచువాళ్ళకు బంగారు బిడ్డ పుడితే పైకి తేవాలని కూడా అంటాడు. అంటే అది అచ్చంగా పుట్టుకను బట్టి నడిచే వ్యవస్థ కాదు, మనం ఈనాడు మెరిట్ అంటున్నదానికి దగ్గరి చుట్టం. లోహం స్థానంలో ర్యాంకు వచ్చింది, అంతే.

'మెరిటోక్రసీ' అనే మాటను ప్రపంచానికి పరిచయం చేసిన బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త మైకేల్ యంగ్ 1958లో రాసిన పుస్తకం నిజానికి వ్యంగ్య రచన. తెలివితేటలూ శ్రమా కలిపి కొలిచి మనుషుల్ని పేర్చే సమాజం 2034 నాటికి ఎలా తగలబడుతుందో అందులో ఊహించాడు. లోకం ఆ వెక్కిరింతను ఆదర్శంగా తీసుకుంది. ప్రధాని టోనీ బ్లేర్ ఆ మాటను మెచ్చుకోలుగా వాడుతుంటే, 2001లో ఆ వృద్ధుడు పత్రికకెక్కి అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. ఆయన భయం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. జమీందారీ కాలంలో పేదవాడు కనీసం 'నా ఖర్మ, ఆ ఇంట్లో పుట్టలేదు' అనుకునేవాడు. తాను తక్కువవాణ్ణని లోపల ఒప్పుకోవాల్సిన పని లేదు. ర్యాంకుల సమాజంలో ఆ ఓదార్పు కూడా పోతుంది. పోటీ అందరికీ తెరిచే ఉందన్నారు, నువ్వు ఓడిపోయావు, కాబట్టి లోపం నీదే. ఫలితాల మర్నాడు మన కూడళ్ళలో వెలిసే కార్పొరేట్ కాలేజీల ఫ్లెక్సీలు ఈ మాటే ఫొటోలతో చెబుతాయి. ఫ్లెక్సీ మీద లేని పిల్లవాడు దాన్ని చదవకుండా ఉండలేడు.

మరి పోటీ అందరికీ నిజంగా తెరిచే ఉందా? న్యాయం మీద 1971లో వచ్చిన తన గ్రంథంలో అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ దీని మూలానికే వెళ్ళాడు. పుట్టిన ఇల్లే కాదు, పుట్టుకతో వచ్చిన తెలివి కూడా మనం సంపాదించుకున్నది కాదు. కష్టపడే అలవాటు సైతం చాలావరకు పెరిగిన ఇంటి చలవే అన్నాడు. ఈ చివరి మాట విద్యార్థులకు గొంతు దిగదు. హార్వర్డ్‌లో ప్రొఫెసర్ మైకేల్ శాండెల్ తన 'జస్టిస్' తరగతిలో దానికో చిన్న చిట్కా వాడేవారు. కష్టపడి వచ్చామని పట్టుబట్టే విద్యార్థులను, ఇంట్లో మొదటి సంతానమైన వాళ్ళు చేతులెత్తమనేవారు. నూటికి డెబ్బై అయిదు నుంచి ఎనభై మంది చేతులు లేచేవి. మొదట పుట్టడం ఎవరి కష్టార్జితం? సంపద లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2017లో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 38 కాలేజీల్లో అడుగునున్న 60 శాతం కుటుంబాల పిల్లలకన్నా పైనున్న ఒక్క శాతం కుటుంబాల పిల్లలే ఎక్కువ. మన సుప్రీంకోర్టు కూడా పీజీ వైద్య ప్రవేశాల కేసులో 2022 జనవరిలో ఇదే దారిలో మాట్లాడింది. పోటీపరీక్ష మార్కులను ప్రతిభకు ఏకైక కొలతగా చూడలేమని, వాటి వెనక కుటుంబ వనరులూ చదువూ పరిసరాలూ ఉంటాయని చెప్పింది.

ఇక్కడ లేచే అభ్యంతరం బలమైనదే: ఆపరేషన్ చేసే చేతికి నైపుణ్యం అక్కర్లేదా? తప్పకుండా కావాలి. సర్జనును పరీక్షించే ఎంచుకోవాలి, నేను ముందే అన్నట్టు ఎంపికకు కొలత ఉండాల్సిందే. కానీ ప్రవేశ పరీక్షలో వచ్చిన తేడా పనిలోనూ అలాగే బయటపడుతుందన్న నమ్మకానికి ఆధారం చూపాలి. ఆర్థికవేత్తలు అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ భారతీయ రైల్వేల రెండు దశాబ్దాల గణాంకాలు పరిశీలించి, పై స్థాయి ఉద్యోగాల్లో రిజర్వేషన్ల వల్ల ఉత్పాదకత తగ్గిన దాఖలా దొరకలేదని 2014లో ప్రచురించారు. ఇక కష్టపడి చదివిన పిల్లల్ని ఇది అవమానించడం కాదా అంటారు. కష్టానికి మెప్పు దక్కాలి, సీటూ దక్కాలి. ఆ సీటుతో పాటు తక్కినవాళ్ళ మీద ఒక మెట్టు పెద్దరికం కూడా దక్కాలన్నదే పేచీ.

అసలు ఈ విషయాలు కదిలిస్తే పిల్లల మధ్య గోడలు లేస్తాయి, ఊరుకోవడమే మేలు అనే అధ్యాపకులున్నారు. వాళ్ళ భయం ఉత్తది కాదని చెప్పే పరిశోధన కూడా ఉంది. ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 642 మంది బడిపిల్లలతో చిక్కుదారుల పజిళ్ళు చేయించారు. ఎవరిదే కులమో పైకి చెప్పనంతసేపూ అగ్రకులాల, కింది కులాల పిల్లలు సమానంగా చేశారు. అందరి ముందూ కులం చదివి వినిపించాక కింది కులాల పిల్లల ఫలితం పడిపోయింది. అవే బుర్రలు, అవే పజిళ్ళు. నలుగురిలో విలువ కట్టడమే సామర్థ్యాన్ని కోసేసింది. దీన్నిబట్టి చర్చ మానేయమని కాదు, ఏ విద్యార్థి పుట్టుకనూ చర్చాంశం చేయవద్దని అర్థం చేసుకోవాలి. మౌనం ఎలాగూ తటస్థంగా ఉండదు. గదిలో చర్చ లేకపోతే హాస్టల్లో, వాట్సాప్ గ్రూపుల్లో అది మరింత మోటుగా నడుస్తుంది.

'కులం గొడవ వదిలేసి వర్గం వరకే మాట్లాడుకోవచ్చు కదా' అనే మధ్యేమార్గం కూడా చెల్లదు. కులం శ్రమను విభజించడంతో ఆగకుండా శ్రామికులనే మెట్లుగా విభజించిందని అంబేద్కర్ 1936లోనే స్పష్టం చేశారు. ఈ దేశంలో 'చిన్న పని' అనే మాటలో కూలీ రేటూ కులమూ కలిసే ఉంటాయి. మురుగు తీసే మనిషికి జీతం పెంచినంత మాత్రాన అతని పక్కన కూర్చునే మనుషులు పెరగరు. ధర ఉన్న వస్తువుకు బదులు ఇంకొకటి తేవచ్చుగానీ, మనిషికి ఉండేది ధర కాదు, గౌరవం అని కాంట్ 1785లో గీసిన గీత ఇక్కడ అక్కరకొస్తుంది. కాంట్ పేరు తెలియకపోయినా, ఆ గీత అవసరం ఆ మనిషి ఇంటి పిల్లలకు బాగా తెలుసు.

వచ్చే డిబేట్‌కు అంశం రాసే అధ్యాపకులకు ఒక మనవి. రిజర్వేషన్ల చీటీ ఈసారి పక్కన పెట్టి, 'గొప్పవాళ్ళంటే ఎవరు' అని రాయండి. ఎవరు ఏ పక్షమో లాటరీ తీసి పంచండి. పిల్లల్ని తెలుగులోనే మాట్లాడనివ్వండి.