నాయక లక్షణాలు లేని నాయకుడు

మన ఆలంకారికులు కావ్యనాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధాలుగా విభజించారు. స్వభావాలు వేరైనా ధీరత్వం ఈ నలుగురికీ సమానం. నాయకుని ఎదిరించేవాడు ప్రతినాయకుడు. రాముడు నాయకుడైతే రావణుడు ప్రతినాయకుడు. ఈ విభజనలో ఎక్కడా ఇమడని పాత్ర ఒకటి ఆధునిక కథాసాహిత్యంలో ప్రముఖ స్థానాన్ని సంపాదించుకొన్నది. కథ అంతా అతని చుట్టూ తిరుగుతుంది; కాని అతడు ఆదర్శప్రాయుడు కాడు. స్వార్థమో, పిరికితనమో, క్రౌర్యమో అతనిని అంటిపెట్టుకొని ఉంటుంది. అయినా పాఠకుడు చివరి వాక్యం వరకు అతని వెంటే నడుస్తాడు. విమర్శకులు ఇతనిని ‘యాంటీ హీరో’ అంటారు. వైజ్ఞానిక కల్పనా కథలలోను, అద్భుత కథలలోను ఇతడు తరచుగా దర్శనమిస్తాడు.

ఇటువంటి పాత్రలు యువతను పెడదారి పట్టిస్తాయని పెద్దలు ఆందోళన చెందుతారు. ఆ ఆందోళన నిరాధారమైనది కాదు. అయినప్పటికీ, శ్రద్ధగా వ్రాసిన చిన్న కథలోని యాంటీ హీరో మన వివేకానికి పదును పెడతాడని నా విశ్వాసం. అతడు మనలను న్యాయమూర్తి స్థానంలో కూర్చోబెడతాడు.

ఈ స్థానం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. దండి సంస్కృతంలో వ్రాసిన దశకుమారుల కథలను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. అందులోని అపహారవర్మ రాకుమారుడై ఉండి కూడా దొంగ. చంపానగరంలోని లోభుల ఇళ్లకు కన్నం వేస్తాడు. మోసపోయి నిర్ధనులైన వారిని ఆదుకొంటాడు. అతనిని మెచ్చుకోవాలా, దండించాలా? 11వ శతాబ్దంలో సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలోను, తరువాత ‘చందమామ’ పుటలలోను బేతాళుడు ఇటువంటి చిక్కుప్రశ్నలనే వేశాడు. సమాధానం తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. తీర్పు చెప్పకుండా తప్పించుకొనే వీలు విక్రమార్కునికి లేదు. మంచి యాంటీ హీరో కథ చదివిన వారి పరిస్థితి కూడా ఇదే.

ఆంగ్ల రచయిత మైకేల్ మూర్‌కాక్ 1961లో ‘ది డ్రీమింగ్ సిటీ’ అనే కథను ప్రచురించాడు. 1932 నుండి పాఠకులకు పరిచితుడైన కోనన్ అనే మహాబలశాలికి పూర్తిగా విరుద్ధమైన పాత్రను అందులో సృష్టించాడు. ఆ పాత్ర పేరు ఎల్‌రిక్. అతడు క్షీణిస్తున్న ఒక ప్రాచీన జాతికి చక్రవర్తి. పుట్టుకతోనే దుర్బలుడు. ప్రాణాలను పీల్చుకొనే మాయఖడ్గమే అతనికి బలం. సింహాసనాన్ని ఆక్రమించిన బంధువుపై పగతో పరాయి దండును వెంటబెట్టుకొని వచ్చి తన నగరాన్ని తానే నాశనం చేయిస్తాడు. ఆ పోరాటంలో అతని ఖడ్గమే అతడు ప్రేమించిన యువతిని బలిగొంటుంది. తిరుగు ప్రయాణంలో తనను నమ్మి వచ్చిన వారిని ఆపదలో విడిచి తాను మాత్రం తప్పించుకొంటాడు. చివరకు ఆ ఖడ్గాన్ని సముద్రంలోకి విసిరివేసినా దానిని వదులుకోలేకపోతాడు. బలహీనుడు తన బలం కోసం దేనికి బానిస అవుతాడో ఈ కథ చెబుతుంది.

పోలండు రచయిత ఆంద్జెయ్ సప్కోవ్‌స్కీ 1986లో ఒక పత్రిక కథల పోటీకి వ్రాసిన కథతో గెరాల్ట్ అనే పాత్రను ప్రవేశపెట్టాడు. గెరాల్ట్ కూలి తీసుకొని రాక్షసజంతువులను చంపుతాడు. తరువాత వచ్చిన ఒక కథలో మాంత్రికుడొకడు ఒక యువతిని చంపమని అతనిని కోరతాడు. తనను వేధించిన మాంత్రికుని చంపమని ఆ యువతి కోరుతుంది. రెండు చెడులలో చిన్నదానిని ఎంచుకోవడం తన పని కాదని అతడు ఇద్దరికీ నిరాకరిస్తాడు. మాంత్రికుని బయటకు రప్పించడానికి ఆమె ముఠా సంతలోని జనాన్ని చంపబోతున్నదని గ్రహించిన తరువాత అతడే కత్తి దూసి ఆమెను, ఆమె అనుచరులను హతమారుస్తాడు. ఊరి జనం మాత్రం అతనిపై రాళ్లు రువ్వుతారు. కసాయి అనే పేరు అతనికి మిగిలిపోతుంది. ఎంచుకోవడానికి నిరాకరించినవాడు కూడా ఫలితం నుండి తప్పించుకోలేడన్నది ఇందులోని చేదు నిజం.

ఈ పాత్రలు చిన్న కథలోనే ఎక్కువగా ఎందుకు రాణిస్తాయి? పెద్ద నవలలోను, మూడు గంటల చలనచిత్రంలోను మనం పాత్రతో చాలాకాలం గడుపుతాము. చనువు పెరిగిన కొద్దీ దోషాలు చిన్నవిగా కనిపిస్తాయి. పశ్చాత్తాపానికి కూడా అక్కడ తగినంత చోటు ఉంటుంది. చిన్న కథకు ఆ అవకాశం లేదు. చేయరాని పని జరిగిన కొద్దిసేపటికే కథ ముగుస్తుంది. క్షమించే భారం, శిక్షించే భారం పాఠకునిపైనే పడతాయి.

అయితే తీర్పు చెప్పేవారు మరొక విషయాన్ని విస్మరించరాదు. అద్భుత లోకపు నియమాలను నిర్మించేది రచయితే. అమెరికన్ రచయిత టామ్ గాడ్విన్ 1954లో వ్రాసిన ‘ది కోల్డ్ ఈక్వేషన్స్’ ఇందుకు నిదర్శనం. ఒక చిన్న అంతరిక్ష నౌక దూరపు గ్రహంలోని రోగులకు మందు తీసుకొని పోతుంటుంది. అన్నను చూడాలని 18 ఏళ్ల అమ్మాయి ఒకతె అందులో దాగి ఉంటుంది. ఇంధనం ఒక్కరి బరువుకే సరిపోతుంది. ఆమె ఉంటే నౌక కూలిపోతుంది, రోగులూ మరణిస్తారు. నౌకను నడిపే వ్యక్తి ఆమెను శూన్యంలోకి పంపివేస్తాడు. అతడు దుర్మార్గుడు కాడు. కాని నాయకుడు చేయవలసిన రక్షణ అతని వల్ల కాలేదు. ప్రకృతి సూత్రాలకు దయ లేదని కథ అంటుంది. కాని ఒక్క చుక్క ఇంధనం కూడా అదనంగా ఉంచని నౌకను ప్రకృతి నిర్మించలేదు. మనుషులే నిర్మించారు. సరైన తాళం వేయని తలుపు ముందు హెచ్చరిక పలకను మాత్రమే ఉంచిన వారూ మనుషులే. ‘మరో దారి లేదు’ అని ఎవరైనా అన్నప్పుడు, దారులను మూసినవారెవరని అడగడం మన బాధ్యత.

కాబట్టి ఇటువంటి కథ చదివిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇతని తప్పుకు మూల్యం చెల్లించినది ఎవరు? ఆ బాధితుల ముఖాన్ని కథ మనకు చూపించిందా? చూపించిన కథ ఆలోచింపజేస్తుంది. బాధితులను లెక్కలో నుండి తీసివేసి, నేరాన్ని కేవలం అలంకారంగా ధరింపజేసిన కథ మత్తు కలిగిస్తుంది. ఎల్‌రిక్ కథలు సైతం ఈ లోపానికి పూర్తిగా అతీతమైనవి కావు. ఆ నల్లని ఖడ్గపు ఆకర్షణలో దానికి బలియైన వారిని మరచిపోయే పాఠకులుంటారు. తప్పు కొంత రచయితది, కొంత మనది.

మన నిత్యజీవితంలో ధీరోదాత్తులు అరుదు. పరీక్షలో మిత్రుని మోసాన్ని చూసీ చూడనట్లు ఊరుకొన్నవారు, బలవంతుని పక్షాన నిలబడి బలహీనుని విడిచిపెట్టినవారు మనలోనే ఉన్నారు. రాముని కథ మనం ఎలా ఉండాలో చెబుతుంది. ఎల్‌రిక్, గెరాల్ట్‌ల కథలు మనం ఎలా జారిపోతామో చూపుతాయి. ఎదిగే వయస్సులో ఉన్నవారికి ఈ రెండు రకాల కథలూ అవసరమే.