ఏ గట్టు పిల్లాడివి?

వరంగల్ రూటు బస్సులు ఉప్పల్ మీదుగానే సిటీలోకి వస్తాయి. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చే కోయ పిల్లల్లో చాలామంది పట్నంలో మొదట దిగేది ఇక్కడే. భుజాన కాలేజీ బ్యాగు, చేతిలో ఛార్జింగ్ అయిపోవచ్చిన ఫోను. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో హెల్పర్ పని ఉందని ఊళ్లో ఎవరో చెప్పి ఉంటారు. పని సంగతి రేపు చూసుకోవచ్చు. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి?

నేనుండేది నాచారంలోనే. టీ కొట్టు దగ్గర ఈ పిల్లలతో మాట కలిపితే జిల్లా పేరు చెబుతారు, కోయవాళ్లమని మాత్రం చెప్పరు. ఎందుకురా అని అడిగితే ఒకడు నవ్వేశాడు. "చెప్తే రూమ్‌ల జోకులేస్తరన్నా" అన్నాడు. ఇంటికి ఫోన్ వస్తే రోడ్డు మీదకెళ్లి మాట్లాడతాడట, తన భాష ఎవరికీ వినపడకుండా.

మన దగ్గర ఏర్పాట్లు అసలే లేవా అంటే, ఉన్నాయి. 18 ఏళ్లలోపు వాళ్లకు 1098 ఉంది. రాత్రీపగలూ పనిచేస్తుంది, కాల్ ఫ్రీ. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఓపెన్ షెల్టర్లు ఉన్నాయి. మరి 18 నిండితే? అదే చట్టంలో ఆ తర్వాత కూడా ఆసరా ఇచ్చే సెక్షన్ ఉంది కానీ, అది బాలల హోముల్లో పెరిగి బయటికొచ్చిన వాళ్లకే. నిన్న బస్సు దిగిన పందొమ్మిదేళ్ల కుర్రాడు అందులోకి రాడు. అతనికి మిగిలేది నైట్ షెల్టర్. అక్కడ చాప దొరుకుతుంది. పక్కన పడుకున్నది ఎవరో తెలియదు.

ఇక్కడే నాకో మాట గుర్తొస్తుంది: గట్టు. కోయల్లో వంశాలన్నీ గట్లుగా ఉంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు... ఇలా. ఒక్కో గట్టుకు దాని వేల్పులు. ఒకే గట్టు అయితే అన్నదమ్ములు, వేరే గట్టు అయితే పిల్లనిచ్చి పుచ్చుకునే వరస. అంటే ముక్కూమొహం తెలియని ఇద్దరు ఎదురుపడినా, ఒక్క ప్రశ్నతో చుట్టాలైపోవచ్చు. మన షెల్టర్ రిజిస్టర్‌లో పేరు, ఆధార్ నంబర్ రాసుకుంటారు. ఆ ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు.

అడిగితే ఏమవుతుందో కెనడాలో చూడొచ్చు. విన్నిపెగ్ నగరంలో అక్కడి మూలవాసీ పిల్లల కోసం 1990ల నుంచీ ఒక ఆశ్రయం నడుస్తోంది. పేరు ఎన్‌డినావే. ఒజిబ్వే భాషలో దాని పూర్తి పేరుకు అర్థం 'మా చుట్టాలిల్లు'. అదే నగరంలో 2014లో టీనా ఫాంటెయిన్ అనే పదిహేనేళ్ల మూలవాసీ అమ్మాయిని ప్రభుత్వ శిశు సంక్షేమ శాఖ ఒక హోటల్లో ఉంచింది. అక్కడి నుంచి ఆమె కనిపించకుండా పోయింది. తర్వాత నదిలో శవమై దొరికింది. ఆమెకు గది ఇచ్చారు, మంచం ఇచ్చారు. నా అనే మనిషినే ఇవ్వలేదు. ఇప్పుడు ఎన్‌డినావేలో 24 గంటలూ తెరిచి ఉండే చోటుకు ఆమె పేరే పెట్టుకున్నారు.

ఇదేదో విదేశీ ముచ్చట అనుకోకండి. పిల్లల్ని ఇంటికి దూరంగా ఎక్కడ ఉంచినా వాళ్ల జాతి, సంస్కృతి, భాష చూసుకోవాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 20వ ఆర్టికల్ చెబుతోంది. మన దేశం దానికి ఒప్పుకున్నది 1992లోనే.

బంజారాహిల్స్‌లో కొమురం భీం ఆదివాసీ భవన్ ఉంది, 2022 సెప్టెంబర్‌లో తెరిచారు. గొప్ప విషయమే. కానీ పిల్లలు బస్సు దిగేది ఉప్పల్లో, రాత్రి పదింటికి. వాళ్లకు కావాల్సింది ఇక్కడే పది పదిహేను మంచాల ఇల్లు. కోయ మాట్లాడే ఒక పెద్దమ్మ. కంపెనీలో జీతం ఆపితే వెంట వచ్చి అడిగే ఒక మనిషి. మేడారం జాతరకు సెలవు ఎందుకు కావాలో ఓనర్‌కు చెప్పగలిగే వాళ్లు. ఏటూరునాగారం ఐటీడీఏ తలుచుకుంటే ఇదేమంత పెద్ద ఖర్చు కాదు.

అంతవరకూ మనం చేయగలిగింది చిన్నదే. మీ రూమ్‌లో, మీ షిఫ్ట్‌లో ఇలాంటి తమ్ముడో చెల్లో ఉంటే జోకులు ఆపండి. 18 లోపు అనిపిస్తే 1098కి కాల్ చేయండి. ఇంటి ఫోన్ వస్తే, బయటికి పోకుండా లోపలే మాట్లాడుకోమనండి.