మంచు మైదానము నుండి మంత్రి పదవికి



మన జహీరాబాదులో మంచుగడ్డ కనబడునది చెరకురసపు బండి మీదనే. కెనడా దేశములోనైతే శీతకాలమందు పిల్లలు గడ్డకట్టిన నీటిమీద హాకీ ఆడుదురు. ఆ ఆటలో ప్రఖ్యాతి పొందిన గోల్‌కీపరు కెన్ డ్రైడెన్ 2025 సెప్టెంబరులో, 78 ఏండ్ల వయస్సులో కన్నుమూసెను. ఆయన జీవితములో మన కుటుంబములకు పనికివచ్చు సంగతి ఒకటి ఉన్నందున ఈ నెల దానిని వ్రాయుచున్నాము.

1971 మొదలు 1979 వరకు మాంట్రియల్ జట్టులో ఆయన ఆరుసార్లు స్టాన్లీ కప్పు గెలిచెను. ఆడుచునే న్యాయశాస్త్రము చదివి, 1973లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో పట్టా పొందెను. జీతము విషయమై జట్టుతో ఒప్పందము కుదరక మరుసటి సీజను ఆడలేదు. ఆ కాలమును వ్యర్థపరచక టొరంటోలో న్యాయవాదుల కార్యాలయమున శిక్షణ పొందెను. మంచి పేరులో ఉండగానే, 31 ఏండ్లకే ఆట విరమించెను.

ఆయన తల్లిదండ్రులు 1970లో పేద పిల్లలకు పడక సామగ్రి ఇచ్చు సంస్థను స్థాపించిరి. ఆ సహాయము మన దేశపు పిల్లలకును అందినది. కుమారుడును పిల్లలను మరువలేదు. 2004లో పార్లమెంటుకు ఎన్నికై, సామాజికాభివృద్ధి మంత్రియై, తల్లిదండ్రులు పనికి వెళ్ళు వేళ పసివారిని చూచుకొను కేంద్రములు దేశమంతట ఉండవలెనని పూనుకొనెను. 2005లో పది రాష్ట్రములతోను ఒప్పందములు కుదిరెను. 2006లో ప్రభుత్వము మారెను. క్రొత్తవారు వాటిని రద్దు చేసిరి. ప్రయాసమంతయు నీళ్ళపాలైనట్టే కనబడెను. అయితే 2021లో మరియొక ప్రభుత్వము అదే తలంపును చేపట్టి దేశవ్యాప్త పథకమును ప్రారంభించెను. యోహాను సువార్త 4వ అధ్యాయములో విత్తువారిని, కోతవారిని గూర్చి ప్రభువు శిష్యులతో చెప్పిన సంగతి మనకు జ్ఞాపకము వచ్చుచున్నది.

ఇది దూరదేశపు మాట అని విడిచిపెట్టవద్దు. మన గ్రామములలో తల్లి చెరకు నరుకుటకు వెళ్ళిన దినమున, తమ్ముని చంకనెత్తుకొని ఇంట ఆగిపోవునది పదేండ్ల అక్కయ్యే. ఆ దినమున బడి రిజిస్టరులో ఆమె పేరు ఎదుట గైర్హాజరు పడును. అంగన్‌వాడీ మూయు వేళకు తల్లి ఇంకను చేనులోనే ఉండును. మరి ఆదివారము గాక మిగిలిన దినములలో మన మందిరపు గదికి తాళమెందుకు? స్త్రీల సమాజపు సహోదరీలు వంతులవారీగా ఇద్దరిద్దరు కూర్చున్న చాలును. రెండు చాపలు, ఒక కుండ నీళ్ళు, కొంచెము ఓపిక కావలెను. పెద్ద ఖర్చేమియు లేదు.

మనము మొదలుపెట్టినది వచ్చే యేడు నిలుచునో లేదో అని వెనుకాడవద్దు. ఒక్క ఆడబిడ్డ ఈ సంవత్సరము బడి మానకుండిన యెడల, అదే మన పంట. మనము ఆపిన చోట మరియొకరు అందుకొందురు.

చిన్నబిడ్డలను చేరదీసిన ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.