ఓడ ఎక్కని హక్కులు

దక్షిణ అండమానులో సముద్రపుటొడ్డున వండూర్ అనే పల్లె ఉన్నది. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానాన్ని చూడబోయేవారు ఇక్కడ పడవ ఎక్కుతారు. మనుషులతోపాటు పేర్లు కూడా వలస వస్తాయనడానికి ఈ పల్లెయే నిదర్శనం. 1921 నాటి మలబారు తిరుగుబాటులో శిక్షపడి ద్వీపాలకు చేరిన మాప్పిళాలు స్వస్థలాల పేర్లను కొత్త ఊళ్ళకు పెట్టుకున్నారు. మలబారులోను ఒక వండూర్ ఉన్నది.

ఈ ద్వీపాలకు కొందరిని ప్రభుత్వం తెచ్చింది. కొందరిని పని పిలిచింది. 1949 నుండి తూర్పు బెంగాలు శరణార్థులకు ప్రభుత్వమే భూమి ఇచ్చి నిలబెట్టింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చిన తెలుగువారిలో అధికులు రెండవ కోవకు చెందినవారు. వారు వలను, రెక్కల కష్టాన్ని నమ్ముకుని వచ్చారు. 2011 జనాభా లెక్కలలో 3,80,581 మంది ద్వీపవాసులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలు.

భూమి పొందినవాడు ఆనాడే ఊరివాడయ్యాడు. కూలికి వచ్చినవాడు ఒక తరం గడిచినా వలసవాడే. మాప్పిళాలు, బెంగాలీ శరణార్థులు, 1942కు పూర్వమే స్థిరపడినవారు మొదలైనవారికి ఇక్కడ వెనుకబడిన తరగతులుగా గుర్తింపు ఉన్నది. తెలుగు జాలరి స్వరాష్ట్రంలో పొందిన గుర్తింపు ఇక్కడ చెల్లదు. షెడ్యూల్డు కులాల జాబితా అయితే ద్వీపాలకు అసలే లేదు.

దీనికి న్యాయమూ లేకపోలేదు. ఆంధ్రలో గిరిజనుడుగా గుర్తింపు పొంది, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక విద్యార్థి వైద్య కళాశాలలో సీటు కోరగా, 1990లో సుప్రీంకోర్టు నిరాకరించింది. వెనుకబాటును ఆయా ప్రాంతాన్ని బట్టి కొలవాలన్నది తీర్పు సారాంశం. ఉద్యోగాలు కొద్దిగా ఉన్న ద్వీపాలలో పాత కాపుల భయమూ అర్థం చేసుకోదగినదే.

కాని ఆపద వచ్చిననాడు లెక్క మారుతుంది. 2004 సునామీకి నేల కుంగి వండూర్ ప్రాంతపు వరిపొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. పట్టా గలవాడు పోయినదేమిటో కాగితంపై చూపగలడు. ఆ పొలంలో నాట్లు వేసిన కూలీ ఏమి చూపగలడు?

వలసవానితో హక్కును కూడా పంపడం అసాధ్యం కాదు. 2019లో ఆరంభమై 2022 నాటికి దేశమంతటా విస్తరించిన 'ఒకే దేశం – ఒకే రేషన్‌కార్డు' పథకం అందుకు తార్కాణం. ఒక ఊరి కార్డుకు ఇప్పుడు మరొక ఊరిలో బియ్యం దొరుకుతున్నాయి. బియ్యం వలసవాని వెంట ఓడ ఎక్కాయి. తక్కిన హక్కులు ఇంకా రేవులోనే ఉన్నాయి.