కారు కంగారు

మా ఇంట్లో ఏ వస్తువుకి జబ్బు చేసినా ముందుగా పసిగట్టేది మా ఆవిడే. ఫ్యాను మూలిగినా, మిక్సీ గొంతు మారినా ఆవిడ చెప్పిన వారానికి గాని నా చెవికెక్కదు. మొన్న దసరా వెళ్ళిన మరునాడు బడినుంచి వచ్చి, కారు తాళంచెవి మేకుకి తగిలిస్తూ, “ఏమండీ, కారు ఊరికే అరుస్తోంది” అన్నది.

“కార్లు అరవక పాడతాయా?” అన్నాను పేపరు దించకుండా.

“కదలకుండా నిలబడ్డప్పుడు కూడా అరుస్తోందండీ. బ్రేకు కూడా కాస్త గట్టిగా తొక్కవలసి వస్తోంది.”

మొదటి మాట విన్నాను. రెండోది వినలేదు.

సాయంత్రం వెళ్ళి స్టార్టు చేసి చూశాను. మాది ఇరవై ఏళ్ళకు దగ్గరపడుతున్న చిన్న పెట్రోలు కారు. ఇంజను వేడెక్కిన తరవాత, కాలు తీసేసి న్యూట్రల్లో ఉంచితే, ముల్లు ఎనిమిది తొమ్మిది వందల దగ్గర నిలవాలి. అంటే నిమిషానికి అన్ని చుట్లన్నమాట. మా ముల్లు 1,700 దగ్గర పీట వేసుకు కూర్చుంది. ఎంతసేపు చూసినా దిగదు.

ఇది పెట్రోలు దండగతో పోయే సంగతి కాదు. అంత వేగంతో తిరిగే ఇంజనుని మొదటి గేరులో వేసి క్లచ్చి వదిలితే కారు ముందుకు ఉరుకుతుంది. మొగల్రాజపురంలో మా సందు కొండవాలున ఉంది. ఒకపక్క కూరలబండి, ఇంకోపక్క పిల్లల సైకిళ్ళు, మధ్యన ఎవరిదో గేదె. ఆటోమాటిక్ గేర్ల కారయితే మరీ ప్రమాదం. బ్రేకు మీద కాలు తేలికపడితే చాలు, దానంతట అదే బయలుదేరుతుంది.

వీధి చివర మెకానిక్కు కుర్రవాడు బానెట్టు ఎత్తి, ఒక మరని పావు చుట్టు తిప్పాడు. ముల్లు దిగింది. రెండువందలు పుచ్చుకున్నాడు. నేను విజయగర్వంతో ఇంటికి వచ్చి కాఫీ అడిగి తాగాను. మర్నాడు పొద్దున మా ఆవిడ బడికి పోతూంటే, సిగ్నలు దగ్గర ఇంజను టక్కున ఆగిపోయింది. వెనక బస్సు, బస్సు వెనక ఊరంతాను. మూడుసార్లు స్టార్టు చేస్తేగాని కదలలేదట. ఆ రోజు కాఫీ నేను అడగలేదు.

తరవాత ఒక పెద్ద వర్కుషాపుకి పట్టుకుపోయాను. అద్దాల గది, సోఫా, కాగితపు గ్లాసులో టీ. “థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలి, పద్నాలుగు వేలవుతుంది” అన్నారు. ఎందుకు మార్చాలని అడిగితే, “పాతదయింది గదండీ” అన్నారు. ఆ లెక్కన నన్ను కూడా మార్చాలి.

మా చిన్నప్పుడు ఈ బాధ ఇంత లోతుగా ఉండేది కాదు. కార్బ్యురేటరు కార్లలో డాష్‌బోర్డు మీద చోక్ అని ఒక బుడిపె ఉండేది. చల్లటి ఇంజను అంటుకోవడానికి దాన్ని లాగి, వేడెక్కాక లోపలికి నొక్కాలి. మా మేనమామగారి పాత కారు ఒకసారి నెలరోజులపాటు ఇలాగే అరిచింది. మెకానిక్కులు తలలు పట్టుకున్నారు. చివరికి తేలిందేమంటే, అత్తయ్యగారు ఎక్కగానే తన చేతిసంచీ ఆ బుడిపెకి తగిలించేవారు. కొత్త కార్లలో ఆ బుడిపె లేదు. దాని పని కంప్యూటరు చూసుకుంటుంది.

చివరికి తెలిసినవారు చెబితే ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. ఆయన బానెట్టు ఎత్తలేదు. ముందు నా కాళ్ళ దగ్గర చాపని లాగి చూశాడు, పెడలుకి అడ్డం పడుతోందేమోనని. తరవాత యాక్సిలరేటరు కేబులు బిగిసిందేమో వేలితో కదిపి చూశాడు. రేడియేటరు నీళ్ళు చూశాడు. నీళ్ళెందుకంటే, నీళ్ళు తగ్గితే వేడిని కొలిచే సెన్సారుకి నీరందక, ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు వేగం తగ్గించదట. అన్నీ సరిగానే ఉన్నాయి.

“బండి నడిపేది ఎవరు బాబూ?” అన్నాడు.

మా ఆవిడని చూపించాను.

“అయితే మీరు చెప్పండమ్మా. ఇంకేమయినా తేడా ఉందా?”

“బ్రేకు గట్టిపడిందండీ. పదిహేను రోజులయింది. ఈయనకి చెప్పాను” అన్నది. మేస్త్రీ నావేపు చూసిన చూపు నేను వర్ణించను.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పాలి. పెట్రోలు ఇంజనుకి ఊపిరి గాలి. శుద్ధమైన పెట్రోలు ఒక పాలు మండాలంటే బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి. మనం కాలితో తొక్కేది నిజానికి పెట్రోలుని కాదు, గాలి తలుపుని. కాలు తీసేస్తే తలుపు దాదాపు మూసుకుపోతుంది. ఇంజను ఆరిపోకుండా చిటికెడు గాలి మాత్రం పక్కదారిన వెళుతుంది. తలుపు మూసి ఉండగా ఇంజను గాలిని పీలుస్తూనే ఉంటుంది గనక, తలుపు అవతల గొట్టంలో గాలి పీడనం బయటి పీడనంలో మూడోవంతుకి పడిపోతుంది. ఆ గొట్టానికి ఎక్కడ చిన్న చిల్లు పడినా బయటి గాలి బుస్సున దూరుతుంది. మా కారులాంటి వాటిలో కంప్యూటరు ఆ గొట్టంలో పీడనాన్నే కొలిచి పెట్రోలు పంపిస్తుంది. గాలి తలుపు గుండా వచ్చిందో, దొంగదారిన వచ్చిందో దానికి తెలియదు. పీడనం పెరిగింది గనక పెట్రోలు పెంచుతుంది. ఇంజను వేగం పెరుగుతుంది. తలుపు ముందరే గాలిని కొలిచే రకం కార్లలో అయితే, లెక్కకి రాని గాలి దూరి ఇంజను వణుకుతుంది.

ఇక బ్రేకు సంగతి. పెడలు వెనక వంటగిన్నెంత డబ్బా ఒకటి ఉంటుంది. మన కాలిబలానికి సాయం చేసేది అదే. దానికి శక్తి ఎక్కడిదనుకున్నారు? ఈ గొట్టంలో ఉన్న లోటు పీడనమే. అక్కడినుంచి ఆ డబ్బాకి ఒక రబ్బరు పైపు పోతుంది. ఆ పైపు చీలితే ఇంజనులోకి గాలి దూరుతుంది, బ్రేకుకి సాయమూ తగ్గుతుంది. అరుపూ, గట్టిబ్రేకూ ఒకే పైపు పుణ్యం.

మేస్త్రీ ఇంజను ఆపించి, బ్రేకుని అయిదారుసార్లు తొక్కమన్నాడు. పెడలు రాయిలా అయింది. కాలు అలాగే అదిమిపెట్టి స్టార్టు చెయ్యమన్నాడు. మంచి బండయితే స్టార్టు కాగానే పెడలు కాస్త కిందికి దిగాలి. మాది దిగీ దిగనట్టు దిగింది. ఈ పరీక్ష ఎవరింట్లో వారు చేసుకోవచ్చు. దిగకపోతే ఆ బండిని రోడ్డెక్కించవద్దు. అప్పుడు ఆయన బానెట్టు ఎత్తి, శ్రావణానికి గుడ్డ చుట్టి, ఆ పైపుని మెల్లిగా నొక్కాడు. 1,400 దగ్గర ఉన్న ముల్లు చటుక్కున పడిపోయింది. వదిలాడు. మళ్ళీ లేచింది.

పైపుని ఊడదీసి చూపించాడు. క్లిప్పు కింద, బయటికి కనిపించని చోట, గోరంత చీలిక. ఇంజను కదలికని బట్టి అది ఒకసారి నోరు తెరుస్తుంది, ఒకసారి మూస్తుంది. కుర్రవాడు మర తిప్పి తలుపుని మరింత మూశాడు గదా. చీలిక కూడా మూసుకున్నప్పుడు ఇంజనుకి ఊపిరాడక సిగ్నలు దగ్గర ఆగిపోయింది. మేస్త్రీ ఆ మరని పాత రంగుగుర్తు దగ్గరికి తిప్పి, పెట్రోలు పైపు ముక్క కాకుండా, బ్రేకు డబ్బాకి వాడే అసలు పైపే తెప్పించి వేశాడు. ఆ పీల్పుకి మామూలు పైపు నొక్కుకుపోతుందట. అంతా కలిసి 650 రూపాయలు.

అందరి కారుకీ ఇదే జబ్బని కాదు. తలుపు అంచున మసి పేరుకుంటే శుభ్రం చేస్తే పోతుంది. పక్కదారి గాలిని చూసే వాల్వు తెరుచుకుని బిగిసిపోవచ్చు. కొన్ని కార్లలో బాటరీ తీసి పెట్టిన తరవాత కంప్యూటరు పాత లెక్క మరిచిపోయి కొంతసేపు అరుస్తుంది, మళ్ళీ నేర్చుకుంటుంది. చిల్లు వెతకడానికి కొందరు పెట్రోలు చిలకరించి చూస్తారు. వేడి ఇంజను మీద అది చితి పేర్చుకోవడమే. ఆ పని మాత్రం చెయ్యకండి.

నిన్న పొద్దున నేనే స్టార్టు చేశాను. ముల్లు 1,300! గుండె ఝల్లుమంది. బానెట్టు తెరవడానికి దిగబోతుంటే, “ఉండండి, దానికింకా చలి వదల్లేదు” అన్నది మా ఆవిడ. బెజవాడలో చలేమిటంటారా? ఎనభై, తొంభై డిగ్రీలకి వస్తేగాని ఇంజనుకి ఒళ్ళు వెచ్చబడదు. గేటు తీసి, చెత్తబండివాడికి బకెట్టు ఇచ్చి వచ్చేసరికి ముల్లు 850 దగ్గర బుద్ధిగా నిలబడి ఉంది.