పుస్తకాల గూడు: సూట్‌కేసులో రెండు నవలలు

దోహాలో పెరిగే మన పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటమే కష్టం. మా పన్నెండేళ్ల వాడు కూడబలుక్కుని చదివి నాలుగో పేజీలో మూసేస్తాడు. అందుకే మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం (1924) నేనే పైకి చదివి వినిపించాను. మొగల్తూరు కుర్రాడు ఓడెక్కి ఇంగ్లండు పోతూ పడే తిప్పలకు వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మరి నాన్న మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడో?" అన్నాడు. ఆ రాత్రి వాళ్ల నాన్న చెప్పినవి నాకూ కొత్తే!

హైస్కూలు పిల్లలకైతే డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవికెళ్లిన ముసలాయన కథ, ఒక్క రాత్రిలో జరుగుతుంది. చిన్న పుస్తకమే గానీ, ముగింపు కలవరపెడుతుంది. చదివేటప్పుడు పక్కన ఉండండి.

ఈసారి ఊరినుంచి వచ్చేటప్పుడు ఒక పచ్చడి సీసా తగ్గించుకోండి మరి.